లంబసింగి నుంచి శృంగవరపుకోట దాకా: ఇంటితో సహా కొండ దిగిన రోజు

ఉదయం ఐదున్నరకు మెలకువ వచ్చేసరికి వ్యాను అద్దాలకు లోపలి వైపున నీళ్ళు ధారలు కట్టి ఉన్నాయి. రాత్రంతా మా ఇద్దరి ఊపిరిలోని తేమ చల్లటి అద్దానికి తగిలి నీరై, కిటికీ కింది చెక్క అంచు మీదికి దిగి, అక్కడ పెట్టుకున్న నా కళ్ళజోడు పెట్టెను తడిపేసింది. చలికి భయపడి పైకప్పులోని ఫ్యాను మూత బిగించి పడుకోవడమే దీనికి కారణం. అది డిసెంబరు రెండో వారం. బయట వేలాడదీసిన థర్మామీటరు 6 డిగ్రీలు చూపిస్తోంది. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మాకు ఆ చలి కొత్తే గానీ, తడిసిన పరుపు మీద పడుకోవడం కంటే మూత కొద్దిగా తెరిచి ఇంకో దుప్పటి కప్పుకోవడం ఎంతో మేలని ఆ ఉదయం తెలిసివచ్చింది.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. మావారూ నేనూ రాజమహేంద్రవరంలోని ఇంటిని అద్దెకిచ్చి, పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని, సీట్లు తీయించి, మంచం, వంటబల్ల, నీళ్ళ ట్యాంకు, బ్యాటరీ బిగించుకుని పద్నాలుగు నెలలుగా అందులోనే కాపురముంటున్నాం. బండిలో ఇలాంటి మార్పులు చేయాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో నమోదు చేయించాలి. ఆ పని పూర్తయ్యాకే బయలుదేరాం. మావారి మోకాళ్ళ నొప్పి వల్ల డ్రైవింగు నాది. దారి చూడటం, లెక్కలు రాయడం ఆయన పని. లంబసింగి నుంచి పాడేరు, అరకు మీదుగా వెళ్ళి, అనంతగిరి ఘాట్ దిగి, శృంగవరపుకోట చేరిన ఒక్క రోజు సంగతి ఇక్కడ రాస్తున్నాను. కారులో వెళ్ళేవారు మధ్యాహ్నం దాటేలోగా ముగించగల ఆ దారి మాకు తెల్లవారినప్పటి నుంచి చీకటి పడేదాకా పట్టింది. ఇల్లంటే ఎంత బరువో ఆ సాయంత్రం దిగుడులోనే నాకు సరిగా అర్థమైంది.

ముందు రోజు సాయంత్రం మేము ఒక రైతు స్ట్రాబెర్రీ తోట పక్కన, ఆయన అనుమతి అడిగి, ఆయన చెప్పిన రుసుము ఇచ్చి, కళ్ళం లాంటి చదును నేల మీద వ్యాను నిలిపాం. అడవి అంచున ఖాళీగా కనిపించిన ప్రతిచోటూ ఆగిపోవచ్చని కొందరు అనుకుంటారు. అది అటవీ భూమి అయితే చట్టం ఒప్పుకోదు. కాకపోతే అది ఎవరో ఒకరి చేనో, పశువుల బీడో అయి ఉంటుంది. అందుకని చీకటి పడక ముందే ఊళ్ళోకి వెళ్ళి, నలుగురున్న చోట అడిగి, చోటు చూపించుకున్నాకే ఇంజిను ఆపడం మా అలవాటు.

పొద్దున పొయ్యి వెలిగించే ముందు కిటికీ ఒకటి, ఫ్యాను మూత ఒకటి తప్పనిసరిగా తెరుస్తాం. మూసిన గదిలో గ్యాసు మండితే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు గనుక, చలి ఎంత ఉన్నా ఈ విషయంలో నేను మావారి మాట కూడా వినను. ఆ చలిలో మా 5 కిలోల సిలిండరు మంట మైదానంలో ఉన్నంత జోరుగా రాలేదు. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉండటం వల్ల నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. కుక్కరు లేకుండా వండితే కందిపప్పు ఉడకడానికి పట్టే సమయం పెరిగేది అందుకే. తరగతి గదిలో నల్లబల్ల మీద ఎన్నోసార్లు చెప్పిన పాఠం, గిన్నె ముందు నిలబడి ఎదురుచూస్తున్నప్పుడు మరోలా ఒంటబట్టింది.

టీ తాగాక సర్దుళ్ళు మొదలయ్యాయి. ఘాట్ మలుపుల్లో తలుపు తెరుచుకునే అల్మారా ఏదైనా ఉంటే అందులోని సామాను మొదటి మలుపులోనే నేల మీద ఉంటుంది కాబట్టి, ప్రతి అల్మారాకూ గొళ్ళెం పెట్టి, పైన తేలిక వస్తువులూ, కింద బియ్యం, పప్పులు, పనిముట్లూ ఉండేటట్టు చూసుకుంటాం. నీళ్ళ విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మా ట్యాంకు 80 లీటర్లది. అది సగం నిండి ఉంటే మలుపు తిరిగినప్పుడల్లా నీళ్ళన్నీ ఒక పక్కకు ఒరిగి, బండిని అదే పక్కకు లాగుతాయి. నిండుగా ఉంటే కదలవు, అడుగున ఉంటే పెద్దగా ప్రభావం చూపవు. అందుకని ఎక్కేటప్పుడు అడుగంటనిచ్చి, నీళ్ళు దొరికే చోట ఒకేసారి నింపుకోవడం పద్ధతిగా పెట్టుకున్నాం. ఆ రోజు అడుగున పదిహేను లీటర్లతో బయలుదేరాం.

మంచు విడవడం కోసం ఎదురుచూస్తుండగా మాకు చోటిచ్చిన రైతు తండ్రి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. నర్సీపట్నం వైపు నుంచి ఘాట్ ఎక్కి వచ్చామని చెబితే, "ఆ రోడ్డు మా పెద్దోళ్ళు ఏసిందేనమ్మా" అన్నారు. ఆ మాట చరిత్రలో నమోదైనదే. గూడెం డిప్యూటీ తహసీల్దారుగా పనిచేసిన బాస్టియన్ ఆ కొండ దారి పనికి గిరిజనులను బలవంతంగా దించి, సరైన కూలి ఇవ్వకుండా చేసిన అన్యాయం మన్యం తిరుగుబాటుకు దగ్గరి కారణాల్లో ఒకటి. అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22న మొదటగా దాడి చేసిన చింతపల్లి పోలీసు స్టేషను లంబసింగికి ఇరవై కిలోమీటర్ల లోపే. నేను ముందు రోజు రెండో గేరులో, ఇంజిను వేడిని చూసుకుంటూ, విసుక్కుంటూ ఎక్కిన ఆ మలుపులను గునపాలతో తొలిచినవారి మనుమలు మాకు రాత్రి చోటిచ్చారు. ఆ పెద్దాయనతో ఇంకాసేపు కూర్చుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎనిమిదిన్నరకు బయలుదేరాం. మంచు పూర్తిగా విడలేదు. మంచులో హెడ్‌లైటు పైకి వేస్తే ఆ వెలుగంతా ఎదుటి నీటి బిందువులకు తగిలి మన కళ్ళలోకే తిరిగి వస్తుంది. దించి వేస్తే రోడ్డు అంచు నాలుగు బారలైనా కనిపిస్తుంది. గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో, కిటికీ దించి, ఎదుటి బండి చప్పుడు వింటూ, మలుపు మలుపుకూ హారను కొడుతూ వెళ్ళాం. జి.మాడుగుల దాటేదాకా కొండలు ఉన్నాయని నమ్మడమే గానీ చూడలేదు. రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చి లంబసింగి, పాడేరు, అరకులను కలుపుతూ సాగే 516ఈ జాతీయ రహదారి ఇది. విస్తరణ పనుల వల్ల కొన్నిచోట్ల నల్లటి తారు, కొన్నిచోట్ల ఎర్రమట్టి. మట్టి ఉన్నచోట లోపల గిన్నెలు మోగాయి. ఆ మోతలో ఏది మామూలు శబ్దం, ఏది ఊడిన మేకు శబ్దం అని గుర్తుపట్టడం మావారికి బాగా అలవాటైంది.

మంచు ఒక్కసారిగా తొలగిపోయి, వెండి ఓకు చెట్ల నీడలో కాఫీ తోటలు కనిపించాయి. చెట్టు చెట్టుకూ మిరియాల తీగ అల్లుకుని ఉంది. కింద కాఫీ కొమ్మల నిండా ఎర్రటి పండ్లు. ఆ నెలల్లో కోత సాగుతూ ఉంటుంది గనుక దారి పొడుగునా ఇళ్ళ ముందు పరదాల మీద గింజలు ఎండబెట్టి ఉన్నాయి. కొన్నిచోట్ల ఆ పరదాలు రోడ్డు అంచుదాకా వచ్చాయి. చక్రం ఒక్క అడుగు పక్కకు వేస్తే ఒక కుటుంబం ఏడాది కష్టం మీద పడుతుందన్న ఎరుకతో, ఎదురుగా జీపు వచ్చినప్పుడు నేను కదలకుండా ఆగి, దానినే వెళ్ళనిచ్చాను. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని గర్వంగా చెప్పుకునే మనం, ఆ గింజ ఎండే చోటును కూడా అదే గౌరవంతో చూడాలి.

పాడేరులో పన్నెండు కావస్తోంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు ఇదే కేంద్రం. మోదకొండమ్మ తల్లి గుడి ముందు దణ్ణం పెట్టుకుని, బజారులో పసుపు కొమ్ములు, కిలో రాజ్మా, అల్లం కొన్నాం. వ్యానులో ఫ్రిజ్ చిన్నది. వారం నిలవ ఉండే కూరగాయ కంటే, నెల నిలవ ఉండే గింజే మాకు ఆస్తి. ఒక హోటలువారు కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకోనిచ్చారు. ట్యాంకు నిండుగా నింపాం. తరువాత ఆలోచిస్తే, దిగుడుకు ముందు ఆ అరవై అయిదు కిలోలు అదనంగా ఎక్కించడం అంత తెలివైన పని కాదు; సగం ట్యాంకు ఊగుతుందన్న నియమాన్ని పట్టుకుని, కొండ దిగేటప్పుడు ప్రతి కిలో లెక్కలోకి వస్తుందన్న సంగతి మరిచాను.

బజారులో మా బండిని చూసిన ఒక పట్టణపు పర్యాటకుడు, "ఇంత బాగున్నచోట కాస్త స్థలం కొనుక్కోకుండా ఇలా తిరగడమెందుకండీ" అని అడిగారు. ఇది షెడ్యూల్డు ప్రాంతం. 1970 నాటి ఒకటో నిబంధన, అందరూ 1/70 చట్టం అనే దాని ప్రకారం, ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి మారకూడదు. ఆ చట్టమే లేకపోతే ఈ లోయలు ఎప్పుడో విడిది ఇళ్ళయి, ఈ కాఫీ పండించేవారు వాటికి కాపలాదారులయ్యేవారని నా గట్టి నమ్మకం. ఒక రాత్రి అతిథులుగా ఉండి వెళ్ళిపోవడంలో మాకు ఏ లోటూ లేదని ఆయనకు చెప్పాను.

హుకుంపేట దాటి, డుంబ్రిగూడ మండలంలోని చాపరాయి వాగు దగ్గర అన్నం తిన్నాం. పొద్దున వండిన పప్పు, వేడి అన్నం, మాగాయ. వాగు నీళ్ళు పరుపుబండ మీద జారుతూ పోతున్నాయి; పిల్లలు కేరింతలు కొడుతున్నారు. వాగు పక్కనే ఆగినా మా గిన్నెలు అందులో కడగలేదు. వ్యానులో వాడిన నీరంతా కింద వేరే డబ్బాలో చేరుతుంది. దాన్ని ఊరి మురుగు కాలువ ఉన్నచోట మాత్రమే ఖాళీ చేస్తాం. మరుగుదొడ్డి డబ్బాకు ఇంకా కఠినమైన నియమం: పక్కా మరుగుదొడ్డి దొరికేదాకా అది మాతోనే ఉంటుంది. దిగువన ఎవరో ఆ నీళ్ళు తాగుతారు. ఈ జీవితంలో ఎవరూ ఫోటో తీసి చూపించని పని ఇదే. కానీ ఇది సరిగా చేయలేనివారు కొండల్లోకి బండి తేకపోవడమే మంచిది.

అరకులో ఆగలేదు. వలిసె పూల పసుపు చేలల్లో అక్కడక్కడా మిగిలే ఉంది. చేల మధ్యకు దిగి తొక్కేవారు కూడా ఉన్నారు. మూడు గంటలకల్లా సుంకరిమెట్ట దాటి గాలికొండ చేరాం. అక్కడి నుంచి లోయ చూడటానికి జనం గుమిగూడి ఉన్నారు. నేను మాత్రం చక్రాలు చూశాను, బ్రేకు పెడలు నొక్కి చూశాను, మావారి చేత అల్మారా గొళ్ళాలు మరోసారి తనిఖీ చేయించాను. అంతా బాగానే ఉందనిపించింది.

ఘాట్ దిగడానికి లారీ డ్రైవర్లు చెప్పే మాట ఒకటుంది: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. గేరు తక్కువగా ఉంటే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు మలుపు దగ్గర మాత్రమే, గట్టిగా కొద్దిసేపు నొక్కి పూర్తిగా వదిలేయాలి. నేను రెండో గేరులో దిగడం మొదలుపెట్టాను. ఎక్కే బండికి దారి ఇవ్వాలన్న నిబంధన ప్రకారం ఇరుకు చోట్ల ఆగుతూ, అనంతగిరి దాకా బాగానే వచ్చాం. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం అక్కడక్కడా కొండ పక్కన కనిపించింది. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి ఈ కొండలను సొరంగాలతో తొలిచి వేసిన మార్గమది. ఒక గూడ్సు బండి కూడా దిగుతోంది. అన్ని వేల టన్నుల ఖనిజాన్ని పట్టి ఉంచుతూ దిగే ఆ డ్రైవరు మీద నాకు ఎనలేని గౌరవం కలిగింది.

అనంతగిరి దాటాక ముందు ఒక యాత్రికుల బస్సు తగిలింది. అది చాలా నెమ్మదిగా దిగుతోంది. దాన్ని దాటే చోటు లేదు, దాటాలన్న తొందర కూడా నాకు లేదు. తప్పు ఇంకోచోట జరిగింది. రెండో గేరులో నా బండి వచ్చే వేగానికీ, ఆ బస్సు వేగానికీ మధ్య ఉన్న చిన్న తేడాను నేను ప్రతి పది గజాలకూ బ్రేకుతో సరిచేసుకుంటూ వచ్చాను. మొదటి గేరులోకి మార్చవలసింది, లేదా పక్కన ఆగి బస్సును ముందుకు పోనివ్వవలసింది. ఏడెనిమిది మలుపులు అలా దిగాక, కాలిన రబ్బరూ ఇనుమూ కలిసినట్టు ఘాటైన వాసన లోపలికి వచ్చింది. వాసన బస్సుదేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. తరువాతి మలుపులో పెడలు మామూలు కంటే రెండంగుళాలు లోపలికి దిగింది.

ఆ రెండంగుళాలు నేను మరిచిపోలేను. గొంతు తడారిపోయింది. మొదటి గేరులోకి మార్చి, ఇంజిను గట్టిగా మూలుగుతుండగా, మావారు కనిపెట్టి చెప్పిన చదును చోటులోకి బండిని తిప్పి, హ్యాండు బ్రేకు వేయకుండా, ఇంజిను ఆపి గేరులోనే ఉంచాను. కాలిపోతున్న బ్రేకును హ్యాండు బ్రేకుతో బిగిస్తే లైనర్లు, అంటే చక్రాన్ని ఒరుసుకుని ఆపే పట్టీలు, చక్రంతోపాటు తిరిగే ఇనుప డ్రమ్ముకు అతుక్కునే ప్రమాదముంది. మావారు దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టారు. వెనుక ఎడమ చక్రం దగ్గర నుంచి సన్నటి పొగ వస్తోంది. మిగతా మూడు చక్రాల దగ్గర చెయ్యి పెట్టగలిగాం. దాని దగ్గర జానెడు దూరానికి కూడా చెయ్యి పోలేదు.

క్యాను తీసి నీళ్ళు పోయబోతుంటే, మా వెనుకే ఆగిన సిమెంటు లారీ డ్రైవరు కేక వేశారు. "పొయ్యకండి సార్, డ్రమ్ము పగులుద్ది. ఊరికే వదిలెయ్యండి, అదే సల్లారుద్ది." ముప్పై ఏళ్ళలోపు అబ్బాయి. లారీని పక్కకు పెట్టి మాతోపాటే నలభై నిమిషాలు ఉండిపోయాడు.

ఆ నలభై నిమిషాల్లో నేను రాళ్ళ మీద కూర్చుని లెక్క వేశాను. అనకాపల్లిలో కాటా వేయించినప్పుడు మా వ్యాను 3,100 కిలోలు తూగింది. అంత బరువు 1,000 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 95 లీటర్ల చల్లటి నీళ్ళను మరిగించడానికి సరిపోతుంది. ఆ వేడి ఎక్కడికీ మాయమవదు: ఇంజిను పట్టి ఉంచితే పొగగొట్టం గుండానూ, రేడియేటరు గుండానూ పోతుంది, లేకపోతే అంతా నాలుగు చక్రాల్లో చేరుతుంది. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తే లైనరుకు దూరమై పెడలు లోతుకు దిగుతుంది. దానికి తోడు, మెకానిక్కులు బ్రేక్ ఆయిల్ అనే ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటూ పోతుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక 140 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే అణగదు, ఆవిరి అణుగుతుంది. అప్పుడు పెడలు నేల దాకా పోతుంది, బండి ఆగదు. మా బండి అంతదాకా పోకుండా ఆగింది.

వేడి తగ్గాక ఆ అబ్బాయి జాకీ వేసి చక్రాన్ని చేత్తో తిప్పి చూశాడు. అది తిరగలేదు. వారం కిందట దారిలో ఒక గ్యారేజీలో వెనుక లైనర్లు మార్పించాం. అక్కడ ఎడమ వైపు బ్రేకును అవసరానికి మించి బిగించి వదిలేశారు. అంటే లంబసింగి నుంచే, నా కాలు పెడలు మీద లేనప్పుడు కూడా, ఆ ఒక్క చక్రం ఒరుసుకుంటూనే వచ్చింది. పొద్దున ఎక్కుడు దిగుడుల్లో డీజిలు ఎక్కువ తాగుతోందని మావారు పుస్తకంలో రాసుకున్నారు గానీ, దానికి మేము చలిని కారణంగా అనుకున్నాం. గాలికొండ దగ్గర ఆగినప్పుడు పెడలు నొక్కి చూశానే గానీ, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి వేడి పోల్చి చూడలేదు. ఆ ఒక్క పని చేసి ఉంటే అక్కడే తెలిసేది.

అబ్బాయి స్క్రూడ్రైవరుతో వెనుక పలకలోని సందులోంచి, బ్రేకు బిగువును సరిచేసే పళ్ళ చక్రాన్ని నాలుగైదు పళ్ళు వెనక్కి తిప్పి, చక్రం తేలిగ్గా తిరిగేలా చేశాడు. మేము నలభై లీటర్ల నీళ్ళు ఖాళీ చేశాం; అందులో రెండు బిందెలు అతని లారీ రేడియేటరుకూ, తాగడానికీ పనికొచ్చాయి. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. పాడేరులో కొన్న అల్లంతో టీ కాచి ఇస్తే తాగాడు. వెళ్ళబోయే ముందు చక్రాల కింద పెట్టిన రాళ్ళను తనే తీసి రోడ్డు దిగువకు దొర్లించాడు. "ఇయ్యి వదిలేసి పోతే రాత్రికి బైకోడు ఎవడో పడతాడమ్మా" అన్నాడు. ఘాట్‌లో రోడ్డు మధ్య వదిలేసిన రాళ్ళను ఎన్నోసార్లు తప్పించుకుంటూ పోయాను గానీ, అవి ఎక్కడి నుంచి వస్తాయో అంతవరకూ ఆలోచించలేదు.

మిగిలిన దారి మొదటి గేరులో, లారీ వెనుకే, అతను బ్రేకు దీపం వెలిగించిన చోటే నేనూ బ్రేకు వేస్తూ దిగాను. టైడా దగ్గర ఒకసారి, అడుగున ఒకసారి ఆగి నాలుగు చక్రాలూ చూశాం. ఎడమ చక్రం వేడి తక్కిన వాటితో సమానమైంది. కాశీపట్నం వచ్చేసరికి గాలి వెచ్చబడింది, స్వెట్టరు విప్పేశాను. శృంగవరపుకోట చేరేసరికి ఏడు దాటింది. పెట్రోలు బంకు యజమానిని అడిగితే వెనుక గోడ పక్కన రాత్రి ఉండనిచ్చారు.

సర్దుతుంటే, పొద్దున లంబసింగిలో మూత బిగించిన ఖాళీ నీళ్ళ సీసా లోపలికి నొక్కుకుపోయి కనిపించింది. కొండ మీద పట్టిన పల్చటి గాలిని కింది గాలి అణిచింది. మావారు దాని మూత తీస్తే చిన్నగా బుస్సుమంది. ఫ్యాను మూత పూర్తిగా తెరిచి, తడి పరుపును తలుపు మీద ఆరవేశాం. ఆయన లెక్కల పుస్తకంలో ఆ రోజు పేజీలో డీజిలు ఖర్చు కింద మూడు పనులు రాశారు: రేపు వెనుక చక్రాలు రెండూ విప్పించి చూపించాలి, బ్రేక్ ఆయిల్ పూర్తిగా మార్పించాలి, ఇకపై ఆగిన ప్రతిచోటా నాలుగు చక్రాలూ చేత్తో చూడాలి. మూడో దాని పక్కన నా పేరు రాశారు.